ఒక్క ప్రోటీన్‌ను పట్టి లాగితే ఎంజైమ్ గుట్టు ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న: "లాగితే ప్రోటీన్ సాగుతుంది, సరే. దాంతో ఎంజైమ్ పనితీరు ఎలా తెలుస్తుంది?" పీహెచ్‌డీలో నాలుగేళ్లు నేను చేసింది ఇదే, కాబట్టి చూసింది చెబుతాను.

థయోరెడాక్సిన్‌నే తీసుకోండి. ప్రోటీన్లలో రెండు సల్ఫర్ పరమాణువులను కలిపే డైసల్ఫైడ్ బంధాన్ని తెంచే ఎంజైమ్ ఇది. 2007లో కొలంబియా యూనివర్సిటీలోని హూలియో ఫెర్నాండెజ్ బృందం దీని మీద చేసిన ప్రయోగం చదివే నేను ఈ దారి పట్టాను. కండరాల్లోని టైటిన్ ప్రోటీన్ ముక్క ఒకటి తీసుకుని, లోపల ఒక డైసల్ఫైడ్ బంధం పెట్టి, అలాంటి ఎనిమిదింటిని దండలా గుచ్చారు. దండ ఒక కొస బంగారు పూత గాజుపలకకు, రెండోది ఏఎఫ్ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్, సన్నటి సూదితో అణువులను తాకి లాగే పరికరం) సూదిమొనకు అంటుకుంటుంది.

ముందు లాగినప్పుడు ఒక్కో ముక్క మడత విడి, పొడవు సుమారు 11 నానోమీటర్లు పెరిగి, బంధం దగ్గర ఆగిపోతుంది. బంధం వెనక చిక్కుకున్న భాగం బయటికి రాదు. ఎంజైమ్ వచ్చి ఆ బంధాన్ని తెంచగానే మరో 13-14 నానోమీటర్లు ఒక్కసారిగా జారుతుంది. తెర మీద ఒక మెట్టు పడుతుంది. ఒక్క మెట్టంటే ఒకే ఒక్క బంధం తెగిన క్షణం.

పగలు లిఫ్ట్ కదిలినా మా గ్రాఫ్ వణికేది, అందుకే రాత్రిళ్లు పనిచేసేదాన్ని. సూదిని పలకకు ఆనించి పైకి తీస్తే చాలాసార్లు ఏమీ తగలదు. మూడో వారంలో ఒక రాత్రి రెండింటికి, మడతలు విడిన చిన్న మెట్ల వరస తర్వాత బంధాలు తెగిన పెద్ద మెట్లు ఒక్కొక్కటే పడుతుంటే కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

ఇక మీ ప్రశ్నకు జవాబు. బలం మారుస్తూ, మెట్టు పడటానికి ఎంతసేపు పడుతుందో కొలుస్తాం. డీటీటీ అనే మామూలు రసాయనంతో అయితే గట్టిగా లాగినకొద్దీ బంధం తొందరగా తెగుతుంది. థయోరెడాక్సిన్‌తో అలా కాలేదు. బలం 25 నుంచి 250 పికోన్యూటన్ల (ఒక్కోటి న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు) దాకా పెరిగేకొద్దీ బంధం తెగే వేగం తగ్గుతూ దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది, ఆపైన మళ్లీ పెరిగింది. అంటే ఎంజైమ్ రెండు రకాలుగా పనిచేస్తోందన్నమాట.

వేగం తగ్గడానికి ఫెర్నాండెజ్ బృందం చెప్పిన కారణం నాకు ఇప్పటికీ అద్భుతంగా అనిపిస్తుంది. బంధం తెగాలంటే ఎంజైమ్ సల్ఫర్, బంధంలోని రెండు సల్ఫర్లు ఒకే వరసలోకి రావాలి. అందుకు ఎంజైమ్ గాడిలో కూర్చున్న బంధం కాస్త తిరగాలి. తిరిగితే దండ దాదాపు 0.8 ఆంగ్‌స్ట్రామ్ కురచవుతుంది, హైడ్రోజన్ పరమాణువు అడ్డుకొలత కన్నా తక్కువే. మనం అవతలి నుంచి లాగుతుంటే ఆ కాస్త తిరగడం కూడా దానికి కష్టమైపోతుంది. పరీక్షనాళికలో కోట్ల అణువులు ఒకేసారి పనిచేస్తుంటే ఈ కదలిక సగటులో కలిసిపోతుంది. ఒక్కదాన్నే పట్టి లాగాం కాబట్టి అది కనిపించింది.