సాళువ, తుళువ నరసింహుల చిక్కు గురించి

“నరసింహుడు 1491లోనే చనిపోతే, 1505లో పెనుకొండలో హత్యకు గురైన నరసింహుడెవరు?” అన్న మీ సందేహం సహజమైనదే. పదిహేనేళ్ల వ్యవధిలో ఆ పేరు గలవారు నలుగురు కనిపిస్తారు కనుక నేనూ మొదట్లో తికమకపడ్డాను. సాళువ, తుళువ అనేవి విజయనగరాన్ని ఏలిన రెండు వంశాల పేర్లు.

1485లో విజయనగర సింహాసనమెక్కి 1491లో మరణించిన సాళువ నరసింహుడు, పసివారైన తన ఇద్దరు కొడుకులను సేనాధిపతి తుళువ నరస నాయకుడికి అప్పగించాడు. పెద్దవాడు తిమ్మడు త్వరలోనే హత్యకు గురయ్యాడు. ఆ నేరం నరస నాయకుడి శత్రువుదేనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. తరువాత పట్టం కట్టుకున్న చిన్నవాడే మీరు వెతుకుతున్న ఇమ్మడి నరసింహుడు. ‘ఇమ్మడి’ అనే కన్నడ మాటకు ఇక్కడ ‘రెండవ’ అని అర్థం కాబట్టి, శాసనంలో ఆ మాట ఉన్నదో లేదో చూస్తే తండ్రీకొడుకుల చిక్కు చాలావరకు విడిపోతుంది.

శాసనాల్లో రాజు పేరు ఇమ్మడిదే అయినా, అతణ్ణి పెనుకొండలో కట్టడిలో ఉంచి రాజ్యం నడిపినవాడు నరస నాయకుడు. 1503లో నరస నాయకుడు మరణించాక ఆ అధికారం అతని కొడుకు వీర నరసింహుడి చేతికి వచ్చింది. రెండేళ్లకు ఇమ్మడి హత్య జరగడంతో అతడే రాజయ్యాడు. శ్రీకృష్ణదేవరాయలు ఇతని సవతి తమ్ముడే.

సాహిత్యం తెలిసినవారికి మరో గుర్తు: పినవీరభద్రుని జైమిని భారతానికి కృతిపతి (కావ్యాన్ని అంకితం పొందినవాడు) సాళువ నరసింహుడు, నంది మల్లయ, ఘంట సింగయల వరాహపురాణానికి కృతిపతి నరస నాయకుడు.