మనవడికి మాటలు రాలేదని నన్నే అంటున్నారు.. తప్పు నా పెంపకానిదేనా?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మాది సూర్యాపేట దగ్గర పల్లె. కొడుకూ కోడలూ ఇద్దరూ హైటెక్‌సిటీలో ఉద్యోగం చేస్తారు. మనవణ్ణి చూసుకోవడానికి ఏడాదిన్నరగా కూకట్‌పల్లిలో వాళ్ల దగ్గరే ఉంటున్నా. బాబుకి రెండేళ్ల మూడు నెలలు. అమ్మ, తాత, బువ్వ, కారు.. ఇలా ఏడెనిమిది మాటలే వచ్చు. ఫోన్‌లో విన్న ఏబీసీడీలు, ఇంగ్లిష్ రైమ్స్ మాత్రం గడగడా చెప్తాడు. నీళ్లు కావాలంటే నోరు తెరిచి అడగడు, చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తాడు. పిలిస్తే ఒక్కోసారి పలుకుతాడు, ఒక్కోసారి పలకడు. ఫోన్ పెడితేనే అన్నం తింటాడు. రోజుకి నాలుగు సీసాల పాలు తాగుతాడు. బాబుతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలని, లేకపోతే నా యాస వస్తుందని కోడలు మొదట్లోనే చెప్పింది. నాకు ఇంగ్లిష్ రాదు. అందుకని వాడితో మాటలు తగ్గించేశా. ఇప్పుడేమో ఫోన్ అలవాటు చేసి వాణ్ణి పాడుచేశానని నన్నే అంటున్నారు. వాళ్ల నాన్న కూడా మూడేళ్లకి గానీ మాట్లాడలేదు. నాలుక మీద వస రాస్తే మాటలొస్తాయని ఊళ్లో అంటున్నారు. రాయమంటారా? ఇదంతా నా పెంపకం వల్లే అయ్యిందా?
– ఒక నానమ్మ, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫోన్ కన్నా, పాల సీసా కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ‘వాడితో మాటలు తగ్గించేశా’ అన్న మాట. కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళ్లాక ఆ ఇంట్లో బాబుకి ఉన్న తోడు మీరే. ఆ తోడు కూడా నోరు కట్టేసుకుంటే ఇక వాడు మాటలు ఎవరి దగ్గర వింటాడు? ముందు మీరు మాట్లాడటం మొదలుపెట్టండి. తెలుగులోనే, మీ సూర్యాపేట యాసలోనే. మిగతా సంగతులు ఆ తర్వాత చెప్తాను.

ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్ అయితే పిల్లలు తికమకపడి మాటలు ఆలస్యమవుతాయని చాలామంది నమ్ముతారు. అది అపోహ. హైదరాబాద్‌లో ఎంతోమంది పిల్లలు ఇంట్లో తెలుగు, కింద ఆడుకునేచోట హిందీ, ప్లే స్కూల్లో ఇంగ్లిష్ వింటూనే పెరుగుతున్నారు. రెండు మూడు భాషలు చెవిన పడినంత మాత్రాన ఎవరికీ మాట ఆగిపోదు. పిల్లాడికి ఎన్ని మాటలు వచ్చో లెక్కపెట్టేటప్పుడు మేము కూడా అన్ని భాషలవీ కలిపే లెక్కపెడతాం. వాడికి కావాల్సింది, మాట్లాడేవాళ్లకి బాగా వచ్చిన భాష. ఇంగ్లిష్‌లో అయితే మీరు ‘కమ్’, ‘సిట్’, ‘ఈట్’ అని ఆగిపోతారు. అదే వాడు కిందపడ్డప్పుడు మీ మాటలో అయితే ‘అయ్యో నా బంగారు తండ్రీ, మోకాలు కొట్టుకుందా, ఏదీ చూడనియ్యి, ఇదిగో ఊదుతున్నా, తగ్గిపోయింది చూడు’ అంటారు. ఎన్ని మాటలు, ఎంత లాలన! మీ కోడలిది చెడ్డ ఉద్దేశమని నేననను. బడిలో వెనకబడతాడేమోనని ఆ అమ్మాయి భయం. కానీ ఒక భాషలో గట్టిగా మాటలు వచ్చిన పిల్లాడికి రెండో భాష త్వరగానే పట్టుబడుతుంది.

ఇక తప్పు ఎవరిది అన్న ప్రశ్న. నలుగురితో కలవడం, మాట్లాడటం కష్టమయ్యే ఆటిజం అనే ఎదుగుదల సమస్య పిల్లలకి రావడానికి తల్లి ప్రేమ చూపించకపోవడమే కారణమని 1950, 60ల్లో డాక్టర్లే నమ్మారు. ‘ఫ్రిజ్‌లాంటి తల్లులు’ అని పేరు కూడా పెట్టారు. అది పూర్తిగా తప్పని తర్వాత తేలింది. ఆటిజంలో జన్యువుల పాత్ర ఎక్కువ. ఆలోగా ఎంతమంది తల్లులు ఆ నింద మోస్తూ కుమిలిపోయారో! మా వృత్తి చేసిన ఆ పొరపాటు గుర్తుంది కాబట్టే, ‘నీ వల్లే’ అన్న మాట నా గదిలో ఎవరు ఎవర్ని అన్నా నేను ఒప్పుకోను. ఫోన్ చూడటం వల్ల ఆటిజం వస్తుందని తేలలేదు. మీ బాబుకి ఆటిజం ఉందని కూడా నేను అనడం లేదు. ఉత్తరం చదివి ఆ మాట ఎవరూ చెప్పలేరు.

అయితే ఆగి చూద్దామని మాత్రం అనను. నాన్న ఆలస్యంగా మాట్లాడితే కొడుక్కీ ఆలస్యం కావడం ఉన్నదే. మగపిల్లలకి మాటలు కొంచెం నెమ్మదిగా రావడమూ నిజమే. కానీ రెండేళ్లు నిండేసరికి సుమారు 50 మాటలు, ‘అమ్మ దా’, ‘పాలు వద్దు’ లాంటి జంట మాటలు వచ్చి ఉండాలి. మాటల కన్నా నేను గట్టిగా పట్టించుకునేవి వేరే ఉన్నాయి. కావాల్సినదాన్ని వేలితో చూపిస్తాడా? ఆకాశంలో విమానం కనిపిస్తే మీవైపు తిరిగి, మీరూ చూశారా లేదా అని చూస్తాడా? బొమ్మ తెచ్చి మీకు చూపించి మురిసిపోతాడా? చెయ్యి పట్టుకుని లాక్కెళ్లడం, పిలిస్తే పలకకపోవడం, రైమ్స్ అప్పజెప్పినా ‘నీళ్లు’ అని అడగకపోవడం.. ఈ మూడూ కలిసి కనిపిస్తే పరీక్ష చేయించి తీరాలి.

మొదట వినికిడి. రైమ్స్ చెప్తున్నాడు కదా, చెవులు బాగానే ఉన్నాయి అనుకోవద్దు. జలుబు చేసినప్పుడల్లా కర్ణభేరి వెనక నీరు చేరే పిల్లలకి ఒకరోజు బాగా వినిపిస్తుంది, ఇంకోరోజు వినిపించదు. దగ్గరగా, గట్టిగా మోగే ఫోన్ వినిపిస్తుంది, వంటింట్లోంచి మీరు పిలిచిన పిలుపు వినిపించదు. బెరా అనే పరీక్ష పిల్లాడు నిద్రలో ఉండగానే చేస్తారు, నొప్పి ఉండదు. కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో చూపించవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ వినికిడి, మాట రెండూ చూస్తారు. అదే ఆవరణలో, బుద్ధి ఎదుగుదలలో లోపం ఉన్నవాళ్ల కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, పిల్లల ఎదుగుదలను పరీక్షించి చిన్నప్పుడే శిక్షణ ఇస్తుంది. ఆటిజం లక్షణాలున్నాయేమో చూడటానికి ఎం-చాట్ అని 20 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. అది 16 నుంచి 30 నెలల పిల్లల కోసం. బాబుకి 27 నెలలు, ఇంకా ఆ వయసులోనే ఉన్నాడు. పిల్లల డాక్టర్ ఎవరైనా ఆ ప్రశ్నలు అడిగి, తర్వాత ఏం చేయాలో చెప్తారు. నీలోఫర్ ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఓపీకి వెళ్లినా సరే.

ఇప్పుడు ఇంట్లో సంగతి. పుట్టినప్పుడు పెద్దవాళ్ల మెదడులో పావు వంతు బరువుండే పిల్లాడి మెదడు, రెండేళ్లు వచ్చేసరికి దాదాపు 80 శాతానికి చేరుతుంది. ఆ పెరిగే రోజుల్లో దానికి కావాల్సింది బదులు పలికే మనిషి. బాల్కనీలో పావురం వాలుతుంది. బాబు ‘ఆ’ అంటాడు. మీరు ‘ఆ, పావురం! అదిగో, గింజలు తింటోంది’ అంటారు. వాడు మళ్లీ ఏదో అంటాడు. వాడు అన్నదానికి మీరు, మీరు అన్నదానికి వాడు, ఇలా రోజంతా సాగాలి. ఫోన్ వెయ్యి మాటలు వినిపిస్తుంది గానీ వాడి ‘ఆ’కి బదులివ్వదు. అందుకే రైమ్స్ వచ్చినా మాటలు రావు.

1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే శాస్త్రవేత్త, పసిబిడ్డతో ఆడుకుంటున్న తల్లుల్ని రెండు నిమిషాలపాటు ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండమన్నాడు. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, అరుస్తుంది, చివరికి ముఖం తిప్పేసుకుని ఏడుస్తుంది. రాత్రి ఎనిమిదిన్నరకి ట్రాఫిక్‌లో నలిగి ఇంటికొచ్చి, ఒక చేత్తో పిల్లాణ్ణి ఎత్తుకుని ఇంకో చేత్తో ఫోన్ చూసే అమ్మానాన్నల్ని చూస్తే నాకు ఆ బిడ్డే గుర్తొస్తుంది. ఈ మాట మీ కొడుక్కీ కోడలికీ చదివి వినిపించండి. వచ్చాక అరగంట, రెండు ఫోన్లూ వేరే గదిలో పెట్టి, నేల మీద వాడితో కూర్చుంటే చాలు. అలసట నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

అన్నం దగ్గర ఫోన్ ఒక్కసారిగా తీసేయండి. రోజుకి కొంచెం కొంచెం తగ్గించడం ఇంట్లో ఎవరి వల్లా కాదని నా అనుభవం. నాలుగైదు రోజులు ఏడుస్తాడు, పళ్లెం తోసేస్తాడు, రెండు ముద్దలే తింటాడు. ఆకలేస్తే తింటాడు, భయపడొద్దు. మీతోపాటు కింద కూర్చోబెట్టి, వాడి పళ్లెంలో వాడికే నాలుగు మెతుకులు పెట్టి, ఒళ్లంతా పూసుకున్నా తిననివ్వండి. రెండేళ్లలోపు పిల్లలకి తెర అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకి గంట మించొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెప్తోంది. ఆ గంట కూడా పక్కన మీరు కూర్చుని మాట్లాడుతూ చూపిస్తేనే. పాల సీసాలు నాలుగు చాలా ఎక్కువ. గ్లాసుతో రెండుసార్లు చాలు. పాలతోనే కడుపు నిండే పిల్లల్లో ఐరన్ తగ్గుతుంది, దాంతో చురుకుదనమూ తగ్గుతుంది. ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి.

వస రాయొద్దమ్మా. మాటలకీ దానికీ సంబంధం లేదు. పిల్లలకి వాంతులవుతాయి. అమెరికాలో 1968లోనే తినే వస్తువుల్లో దాన్ని నిషేధించారు. నాలుక కింద పొర కోయించమని ఎవరైనా అంటే అదీ వద్దు. అది అడ్డుపడితే కొన్ని అక్షరాలు పలకడం కష్టం కావచ్చు గానీ, మాటలు రావడమే ఆగిపోదు.

బాబు నోట మాట రప్పించడానికి ‘ఇదేంటి? చెప్పు, చెప్పు’ అని పరీక్ష పెట్టకండి. నీళ్ల గ్లాసు వాడికి కనిపించేలా, అందకుండా పెట్టండి. ఫ్రిజ్ దాకా లాక్కెళ్తే వెంటనే ఇచ్చేయకుండా, వాడి ఎత్తుకి వంగి, ముఖంలోకి చూస్తూ ‘నీళ్లా? నీళ్లు కావాలా?’ అని మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. ‘నీ’ అన్నా, గ్లాసు వైపు వేలు చూపినా చాలు, సంతోషంగా ఇచ్చేయండి. ఏమీ అనకపోయినా దాహంతో ఉంచకుండా ఇచ్చేయండి. లాల పోసేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు చేస్తున్న పనినే వాడికి చెప్తూ ఉండండి.

ఇప్పటికే ఆలస్యమైపోయిందా అనే దిగులు ఉంటుంది. రుమేనియాలో అనాథాశ్రమాల్లో, పలకరించే మనిషి కరువై పెరుగుతున్న 136 మంది పసిపిల్లల్ని తీసుకుని 2000లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని పెంచుకునే కుటుంబాలకి అప్పగించారు. వాళ్లలో మార్పు కనిపించింది, రెండేళ్లలోపు వెళ్లినవాళ్లలో ఇంకా బాగా. మీ బాబుది ఆ పరిస్థితి కానే కాదు. ఒడి ఉంది, నానమ్మ ఉంది. అయినా ఆ అధ్యయనం చూశాక నెలలు లెక్కపెట్టుకోవడం నాకు అలవాటైంది. పరీక్షలు ఈ నెలలోనే చేయించమనేది అందుకే. లోపం ఏదైనా బయటపడితే స్పీచ్ థెరపీ వెంటనే మొదలుపెట్టొచ్చు.

ఆసుపత్రికి మీ కొడుకూ కోడలే కాదు, మీరూ వెళ్లండి. బాబు ఎప్పుడు నవ్వుతాడు, దేనికి ఉలిక్కిపడతాడు, ఏ మాటకి తిరిగి చూస్తాడు అని డాక్టర్ అడుగుతారు. పగలంతా వాడితో ఉండేది మీరే కాబట్టి ఆ జవాబులు మీకే తెలుసు.