టెక్ సందేహాలు: పెళ్లి పిలుపుల నడుమ ఆఫీసు పని

శ్రావణ మాసం ముహూర్తాలు దగ్గరపడే కొద్దీ ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల తీరు మారిపోతుంది. ఏ ల్యాప్‌టాప్ కొనాలి, ఫోను ఎందుకు వేడెక్కుతోంది వంటివి తగ్గి, పెళ్లి పనుల మధ్య ఉద్యోగం నెట్టుకురావడం ఎలా అన్నవి పెరుగుతాయి. ఈ వారం చోటంతా వాటికే.

ప్రశ్న: మూడు వారాల్లో నా పెళ్లి. ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్నాను. మీటింగులో ఉండగానే టైలరు, వంటవాళ్లు, ఫంక్షన్ హాలు వాళ్లు, పెద్దమ్మ ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేస్తారు. మొన్న స్క్రీన్ షేర్ చేస్తుంటే చీరల ఫొటోలతో వాట్సాప్ సందేశం టీమంతటికీ కనిపించింది. పెళ్లి పనులకు మంచి యాప్ ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కొత్త యాప్ వద్దు. మూడు వారాల కోసం మీ నాన్నగారు, బాబాయి, మేనమామ అందరూ ఒక యాప్ వేసుకుని, ఖాతా తెరిచి, నేర్చుకునేసరికి పెళ్లి అయిపోతుంది. గూగుల్ షీట్ ఒకటి తెరిచి దాని లింకును ఇంటి గ్రూపులో పిన్ చేయండి. పని, ఎవరి బాధ్యత, ఎప్పటిలోగా, ఇచ్చిన అడ్వాన్సు, ఇంకా ఇవ్వాల్సింది, ఫోన్ నంబరు... ఈ ఆరు గడులు చాలు. పనులు చేసేవాళ్లకు మార్చే అనుమతి ఇవ్వండి, మిగతావాళ్లకు చూసే అనుమతి సరిపోతుంది. ఎవరైనా పొరపాటున వరుస చెరిపేసినా వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి తిరిగి తెచ్చుకోవచ్చు. 'ఎంతకు మాట్లాడారు, ఎంత ఇచ్చారు' అని మిమ్మల్ని అడిగే ఫోన్లలో చాలా భాగం దీనితోనే ఆగిపోతాయి.

షీట్ నింపాక బాధ్యత గడిని ఒకసారి పైనుంచి కిందికి చదవండి. అన్ని వరుసల్లోనూ మీ పేరే ఉంటే దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు. ఆ రాత్రే ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి సగం పేర్లు మార్పించండి. ఉద్యోగం చేస్తున్న పెళ్లికూతురే టెంట్ల వాళ్లతో బేరం కూడా ఆడాలని ఎక్కడా లేదు.

ఇక ఫోను సంగతి. డు నాట్ డిస్టర్బ్‌ను మీటింగు వేళలకు షెడ్యూల్ చేసి, అమ్మ, నాన్న, మీ మేనేజరు నంబర్లకు మాత్రం మినహాయింపు ఇవ్వండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో రిపీట్ కాలర్స్ అనే సదుపాయం ఉంది. ఒకే వ్యక్తి 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే అప్పుడు రింగవుతుంది. 'నిజంగా తొందరైతే వెంటనే మళ్లీ చేయండి' అని పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. పెళ్లి గ్రూపులను మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పెట్టండి, మధ్యాహ్నం భోజనాల వేళ, సాయంత్రం పని ముగిశాక తెరవండి. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు మొత్తం తెరను ఎప్పుడూ ఎంచుకోవద్దు, కావాల్సిన విండో ఒక్కటే పంచుకోండి. కంప్యూటర్‌లో వాట్సాప్ నోటిఫికేషన్లను ఈ మూడు వారాలు పూర్తిగా ఆపేసినా నష్టం లేదు.

జాకెట్ కొలతలకు వెళ్లే గంటను ఆఫీసు క్యాలెండర్‌లో ప్రైవేట్ అని గుర్తుపెట్టి ముందే కేటాయించుకోండి. మీ పనుల అప్పగింతను సెలవుకు ముందురోజు సాయంత్రానికి వదలకుండా ఒక వారం ముందే రాసి ఇవ్వండి. మీరు పనిలో ఉండగానే ఆ పనులు తీసుకునే సహోద్యోగికి సందేహాలు రావాలి, లేకపోతే మంగళస్నానాల వేళ ఫోన్ వస్తుంది. ఆఫీసు మెయిల్ అవుట్‌లుక్ అయితే, సెలవులో దానంతటదే వెళ్లే ఆటోమేటిక్ రిప్లైలో సంస్థ లోపలివారికి ఒక సందేశం, బయటివారికి మరొకటి పెట్టుకోవచ్చు. బయటివారికి ఎవరిని సంప్రదించాలో మాత్రం చెప్పండి. పెళ్లి తేదీ, ఊరు రాస్తే ఇంటికి తాళం పడే రోజును ముక్కూమొహం తెలియనివారికి చెప్పినట్టే.

ప్రశ్న: శుభలేఖ మాటలను ఫోనులో తెలుగులో టైపు చేసి ప్రెస్సుకు పంపాను. ప్రూఫులో వత్తులు తారుమారయ్యాయి. తప్పు ఎవరిది?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఎవరిదీ కాదు. మీ ఫోను రాసేది యూనికోడ్‌లో, అంటే ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ వాడే ఉమ్మడి అక్షర పద్ధతిలో. చాలా ప్రెస్సులు ఇప్పటికీ వేరే పద్ధతిలో నడిచే పాత అను ఫాంట్లలో పనిచేస్తాయి. ఒకదాని నుంచి మరొకదానికి మార్చేటప్పుడు 'లక్ష్మి' వంటి సంయుక్తాక్షరాలు చెదురుతాయి. తెర ఫొటో మీద సరే అనకుండా పీడీఎఫ్ ప్రూఫు అడగండి. అక్షరాలను అవుట్‌లైన్లుగా (ఫాంటుతో పనిలేని గీతలుగా) మార్చాక తీసిన పీడీఎఫ్‌లో ఏది కనిపిస్తే అదే అచ్చవుతుంది. పేర్లు, ముహూర్తం, హాలు చిరునామా ఇద్దరు వేర్వేరుగా చదవాలి. వీలైతే అందులో ఒకరు వియ్యాలవారి వైపు ఉండాలి.

ప్రశ్న: శుభలేఖను వాట్సాప్‌లో పంపితే బంధువులు తెరవడానికి భయపడుతున్నారు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వాళ్ల భయం సరైనదే, దయచేసి నొచ్చుకోకండి. పెళ్లి పిలుపు పేరుతో ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్ ఫోనులో యాప్ వేసే ఫైళ్లు) పంపి, ఫోనులోకి చొరబడి, ఓటీపీలు కాజేసే మోసం గురించి 2024 చివర్లో హిమాచల్ ప్రదేశ్ పోలీసులు హెచ్చరించారు. శుభలేఖకు ఏపీకే ఫైలుతో పనే లేదు. మీరు ఫొటోగానో పీడీఎఫ్‌గానో పంపి, వెంటనే మీ గొంతుతో ఒక చిన్న వాయిస్ సందేశం పెట్టండి. పిలుపూ ఆప్యాయంగా ఉంటుంది, అనుమానమూ తీరుతుంది. అందరినీ ఒకే గ్రూపులో చేర్చితే నంబర్లన్నీ అందరికీ తెలిసిపోతాయి. ఒకే సందేశం ఒక్కొక్కరికీ విడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ జాబితా నయం. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే అది చేరుతుంది, ఒక్కో జాబితాలో 256 మందే పడతారు. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయవాణి 1930కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: పెళ్లికి ముందు కొత్త ఫోను కొనవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇప్పుడే కొనండి, లేదా పెళ్లయ్యాక కొనండి. చివరి వారంలో మాత్రం వద్దు. ఫోను మార్చి యూపీఐ మళ్లీ నమోదు చేసుకుంటే మొదటి 24 గంటలు సాధారణంగా రూ.5,000 వరకే పంపనిస్తారు, కొన్ని ఫోన్లలో ఇంకా ఎక్కువ సేపు. ఆ పరిమితి లేకపోయినా వ్యక్తుల మధ్య యూపీఐ మామూలుగా రోజుకు రూ.లక్ష వరకే. హాలు, వంటల బాకీలు అంతకు మించితే బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే ఐఎంపీఎస్, నెఫ్ట్ పద్ధతులు వాడండి. నెఫ్ట్ సెలవు రోజుల్లోనూ పనిచేస్తుంది. వాళ్ల ఖాతాలను బ్యాంకు యాప్‌లో ఇప్పుడే చేర్చి ఉంచండి, కొత్తగా చేర్చిన ఖాతాకు బ్యాంకులు మొదట్లో తక్కువ మొత్తమే పంపనిస్తాయి.

ప్రశ్న: అక్క డల్లాస్‌లో ఉంది, రాలేకపోతోంది. ముహూర్తం గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం, 3.40 గంటలకు. యూట్యూబ్‌లో చూపించాలంటే?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు తేదీ సరిచూడండి. శుభలేఖలో గురువారం అని ఉన్నా క్యాలెండర్‌కు అది శుక్రవారం తెల్లవారుజాము 3.40. అప్పుడు డల్లాస్‌లో గురువారం సాయంత్రం 5.10 అవుతుంది. మీరే గూగుల్ క్యాలెండర్‌లో భారత సమయంతో ఆహ్వానం పంపితే, అక్క ఫోనులో అక్కడి సమయంతో కనిపిస్తుంది. ఆమె ఆఫీసు నుంచి త్వరగా బయలుదేరాలి కదా, ఈ వారమే పంపండి.

యూట్యూబ్ చానెల్‌లో లైవ్‌ను మొదటిసారి అనుమతించుకోవడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. నేరుగా ఫోను నుంచి ప్రసారం చేయాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. ఫొటోగ్రాఫరు కంప్యూటర్ ద్వారా ప్రసారం చేస్తే ఆ షరతు వర్తించదు. అన్‌లిస్టెడ్‌గా పెడితే లింకు ఉన్నవారే చూడగలరు. స్పీకర్లలో సినిమా పాటలు మోగితే కాపీరైట్ కారణంగా ప్రసారం మధ్యలో ఆగిపోవచ్చు, కాబట్టి జీలకర్ర బెల్లం మొదలు తలంబ్రాలు ముగిసేదాకా రికార్డు పాటలు వద్దని సౌండు వాళ్లకు ముందే చెప్పండి. హాలు వైఫైని నమ్ముకోకుండా, ఏ సిమ్‌కు సిగ్నల్ బాగుందో ఒకరోజు ముందు మండపం దగ్గరే నిలబడి చూసుకోండి.