ఖాళీ బండి ఎందుకు వణుకుతుందంటే

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు అన్న ఒక మాట రాత్రంతా నా మనసులో తిరుగుతూనే ఉంది. మిర్చి బస్తాలతో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చేటప్పుడు బండి బాగానే ఉంటోంది, సరుకు దించి నర్సంపేటకు ఖాళీగా పోయేటప్పుడే అరవై దాటితే సీటు కింద జుమ్మని వణుకుతోంది అన్నావు. సగం సంగతి బండే నీకు చెప్పేసింది. మెకానిక్ క్రాస్‌లు, అంటే షాఫ్ట్ వాలుగా ఉన్నా తిరిగేలా చేసే కీళ్లు, మార్చమన్నాడని చెప్పావు కదా, ఇప్పుడే కొనకు.

నువ్వు వెనుక రెండు కమాన్ పట్టీలు ఎక్కువ వేయించావు, పట్టీ చివరను ఛాసిస్‌కు తగిలించే షాకిళ్లు పొడుగువి పెట్టించావు. గేర్‌బాక్స్ ఛాసిస్‌తో పాటు లేచింది, యాక్సిల్ చక్రాల దగ్గరే ఉంది. మధ్యలో, గేర్‌బాక్స్ తిప్పుడును యాక్సిల్‌కు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎక్కువ వాలులో తిరగాల్సి వస్తోంది. పైగా వెనుక షాకిల్ పొడుగైతే యాక్సిల్ కాస్త తిరిగి, షాఫ్ట్ వచ్చి కలిసే పినియన్ ముక్కు పైకి చూస్తుంది. బరువు పడితే పట్టీలు అణిగి షాఫ్ట్ వాలు తగ్గుతుంది. నీ బస్తాలు చేస్తున్న మేలు అదే.

క్రాస్ వాలుగా తిరిగినప్పుడు అవతలి వైపు వేగం ఒక్కో చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో క్రాస్ కూడా అంతే కోణంలో ఉంటే ఆ తేడా అక్కడ సర్దుకుంటుంది. రెండు కోణాలు కలవకపోతే మిగిలిన తేడా వణుకై పైకి వస్తుంది. ఇది తెలియక నేను కాజీపేటలో ఉన్న రోజుల్లో నా జీపుకు క్రాస్‌లు రెండుసార్లు, సెంటర్ బేరింగ్ ఒకసారి మార్పించాను, షాఫ్ట్ బ్యాలెన్సింగ్ కూడా చేయించాను. వణుకు పోలేదు. చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్ పినియన్ మీద కోణమాని ఆనించి చూసేదాకా ఎవరికీ అర్థం కాలేదు. ఆ డబ్బు, ఆ తిరుగుడు నీకు వద్దు.

ముందు రోడ్డు మీద చూడు. తెల్లవారుజామున, ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డులో వణుకు మొదలైన వేగం రాసుకో. అదే వేగంలో యాక్సిలరేటర్ వదిలి న్యూట్రల్ చెయ్యి. ఇంజిన్ మాత్రం ఆపకు, ఆపితే బ్రేకు పెడల్ గట్టిపడి, తొక్కినా సరిగా పట్టదు. వణుకు వెంటనే తగ్గితే కోణాన్నే అనుమానించు. అలాగే ఉంటే టైర్లు, షాఫ్ట్ బ్యాలెన్స్ చూడాలి. తర్వాత బండి ఆపి, న్యూట్రల్‌లోనే ఇంజిన్‌ను అంతే వేగంలో తిప్పి చూడు. అప్పుడూ వణికితే వెనుక యాక్సిల్ జోలికి పోవద్దు. ఇంకో గుర్తు ఉంది. టైరు ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్ట్ సుమారు నాలుగు చుట్లు తిరుగుతుంది. ఎనభైలో టైరు సెకనుకు పది చుట్లయితే షాఫ్ట్ నలభై. అందుకే టైరు వణుకు ఊగినట్టు ఉంటుంది, షాఫ్ట్ వణుకు సన్నగా జుమ్మంటుంది. నువ్వు చెప్పింది రెండోదే.

కొలిచేటప్పుడు బండి బరువు చక్రాల మీదే ఉండాలి. జాకీ ఎత్తి యాక్సిల్ వేలాడుతుండగా కొలిస్తే ఆ లెక్క తప్పు, పైగా జాకీ మీద ఉన్న బండి కింద దూరవద్దు. సమంగా ఉన్న గుంత ర్యాంపు మీద పెట్టి, చక్రాలకు రాళ్లు వెయ్యి. నీ షాఫ్ట్ రెండు ముక్కలది కదా, ముందు ముక్క, వెనుక ముక్క, పినియన్ ఫ్లాంజ్, ఈ మూడింటి వాలు రాసుకో. ముందుది 3, వెనుకది 7, పినియన్ 6 డిగ్రీలు వచ్చాయనుకో. పక్కపక్క వాలుల తేడాయే క్రాస్ కోణం, కాబట్టి ఒక క్రాస్ దగ్గర 4, ఇంకోచోట 1. రోగం అదే. రెండు కోణాలూ 3 డిగ్రీలు దాటకుండా, వాటి మధ్య తేడా ఒక డిగ్రీలోపు ఉండాలి. అసలు సున్నా కూడా మంచిది కాదు, క్రాస్‌లోని సూది బేరింగులు కదలక ఒకేచోట అరుగుతాయి. బస్తాలు వేసి మళ్లీ ఒకసారి కొలువు.

సరిచేసే విషయంలో నా మాట విను, ముందు పాత షాకిళ్లు మళ్లీ బిగించు. సగం కోణం దానితోనే సర్దుకోవచ్చు. ఇంకా తేడా ఉంటేనే పట్టీకి, యాక్సిల్‌కు మధ్య ఇనుప వాలు ప్లేటు. పట్టీలు యాక్సిల్ పైన కూర్చునే బండిలో లావు వైపు ముందుకు పెడితే పినియన్ ముక్కు దిగుతుంది. యు బోల్టులు కొత్తవి వెయ్యి, కొన్నాళ్లు తిరిగాక మళ్లీ బిగించు. షాఫ్ట్ విప్పే ముందు రెండు వైపులా పెయింట్ గీత పెట్టించు. స్లైడింగ్ జాయింట్ పళ్లు మారి కూర్చుంటే రెండు క్రాస్‌ల వరుస తప్పి, కోణాలు ఎంత బాగున్నా వణుకు తిరిగొస్తుంది.

ఒక్కటి మర్చిపోవద్దు. నీ బండిలో యాక్సిల్ నుంచి బ్రేకు వాల్వుకు సన్నని రాడ్డు ఉంటే, వెనుక లేచాక ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనుక బ్రేకు తగ్గిస్తుంది. బస్తాలతో దిగుడులో అది ప్రమాదం. దాన్ని వణుకుకన్నా ముందే చూపించు. పట్టీలు పెరిగినంత మాత్రాన ఆర్‌సీలో రాసిన బరువు పెరగదని కూడా గుర్తుపెట్టుకో.

ఆదివారం ఖాళీ బండితో రా. యాంగిల్ గేజ్ నా దగ్గర ఉంది, ఇద్దరం కలిసి కొలుద్దాం. బరువుతో కొలవడానికి ఇక్కడే ఒక మిల్లులో నాలుగు బస్తాలు అడిగి పెట్టుకుందాం.

మీ పెద్దబాపు