కన్వర్షన్ అయింది సరే, జోన్ సంగతేమిటి?

శ్రీకాకుళం శివార్లలో 60 సెంట్లు కొన్నామని, నాలా కన్వర్షన్ (సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం) ఎప్పుడో అయిపోయిందని, అందులో కల్యాణ మండపం కట్టడానికి మళ్లీ జోన్ మార్పు ఎందుకని, తప్పదంటే ఎలా చేయించుకోవాలని అడిగారు.

మాస్టర్ ప్లాన్‌లో ఆ నేల వ్యవసాయ జోన్‌లో ఉంటే మార్పు తప్పదు. కన్వర్షన్ కాగితం అక్కడ చెల్లదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో భూమి మీద పెట్టిన డబ్బు ఇరుక్కుపోతున్నది ఎక్కువగా ఈ రెండూ ఒకటేననుకోవడం వల్లేనని నా గట్టి నమ్మకం.

కన్వర్షన్ రెవెన్యూ వాళ్ల వ్యవహారం. 2006 చట్టం కింద రుసుము కట్టించుకుని, ఇది ఇక సాగుభూమి కాదని రాసిచ్చేవారు. అక్కడ ఇల్లు కట్టాలా, గోడౌన్ కట్టాలా, మిల్లు పెట్టాలా అన్నది ఆ కాగితంలో ఉండదు. అది తేల్చేది టౌన్ ప్లానింగ్ వాళ్ల మాస్టర్ ప్లాన్. 2025లో నాలా చట్టాన్నే రద్దు చేసి, రుసుమును లేఅవుట్, ప్లాన్ అనుమతుల దగ్గరే కట్టించుకునే పద్ధతి తెచ్చారు. దాంతో ‘నాలా పోయింది, ఇక ఏదైనా కట్టుకోవచ్చు’ అని బ్రోకర్లు ఊరూరా చెప్పుకొస్తున్నారు. తీసేసింది రెవెన్యూ మెట్టు ఒక్కటే. జోన్ ఎక్కడిదక్కడే ఉంది.

ముందు మీ నేల ఎవరి పరిధిలో ఉందో చూసుకోండి. శ్రీకాకుళం చుట్టుపక్కల సుడా, విజయనగరం వైపు వీఎంఆర్‌డీఏ, బొబ్బిలి వైపు బుడా అనే అభివృద్ధి సంస్థలున్నాయి. సర్వే నంబరు రాసి, రుసుము కట్టి, ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ అడగండి. మ్యాప్ చూసి రంగు పోల్చుకుంటే చాలనుకోవద్దు. ఆ మ్యాప్ స్కేలుకి 60 సెంట్లంటే గోరంత కూడా ఉండదు. సరిహద్దు మీద పడిన నేల ఏ రంగులో ఉందో కంటితో తేలదు.

ఇక్కడే కొత్త చిక్కొకటి. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత మాస్టర్ ప్లాన్లలో, మీ దస్తావేజులో పాత నంబరే ఉంటుంది. రెవెన్యూ వాళ్ల భూమి ఖాతా రికార్డైన 1-బీలో ఎల్‌పీఎం నంబరు ఉంటుంది. రెండింటికీ పొంతన చూపే కాగితం తహసీల్దార్ కార్యాలయం నుంచి తెచ్చి జత చేయకపోతే ఫైలు మొదటి బల్ల దగ్గరే ఆగుతుంది. జాయింట్ ఎల్‌పీఎం పడి ఉంటే ముందు సబ్‌డివిజన్ చేయించుకోవాలి. పక్కవాడి వాటా కలిసి ఉన్న నంబరు మీద జోన్ మార్పు అడిగితే ఇవ్వరు. రీసర్వే మంచిదే కావచ్చు గాని, పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కనే చూపే పట్టిక ప్రతి సచివాలయం గోడ మీదా ఉండాల్సింది. రైతు దాని కోసం అర్జీ పెట్టుకోవాల్సి రావడం అన్యాయం.

జోన్ కంటే ముందు చూడాల్సింది రోడ్డు. ఇది ఎంత చెప్పినా తక్కువే. కల్యాణ మండపానికి భవన నిబంధనలు అడిగేది కనీసం 12 మీటర్ల రోడ్డు, అంటే దాదాపు 40 అడుగులు. పొలాల మధ్య బండిదారి మీద తారు పోస్తే అది 40 అడుగుల రోడ్డు అయిపోదు. గ్రామ నక్షాలో, ఎఫ్‌ఎంబీలో (సర్వే కొలతల పుస్తకంలో) ఎంత వెడల్పుందో అదే లెక్క. జోన్ మారినా రోడ్డు చాలకపోతే ప్లాన్ రాదు. అప్పుడు చేతిలో ఉండేది వాణిజ్య జోన్‌గా మారిన ఖాళీ నేల.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఇప్పుడున్న దారి 24 అడుగులు, మాస్టర్ ప్లాన్‌లో దాన్ని 60 అడుగులుగా చూపారనుకుందాం. మధ్య గీత నుంచి అటు 30, ఇటు 30 లెక్క. ఇప్పుడు మీ వైపున్నది 12 అడుగులే కాబట్టి మిగతా 18 అడుగులు మీ నేలలోంచి పోతాయి. రోడ్డు వైపు మీ ముఖం 120 అడుగులైతే 2,160 చదరపు అడుగులు, అంటే 240 గజాలు, ఇంచుమించు 5 సెంట్లు. ఆ ముక్కను మున్సిపాలిటీ పేరిట ఉచితంగా గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయాలన్నది జోన్ మార్పు ఉత్తర్వుల్లో మామూలుగా ఉండే షరతు. ముందుభాగం అన్నిటికంటే విలువైన భాగం. కొన్న ధర వేసేటప్పుడు 60 సెంట్ల మీద కాదు, 55 సెంట్ల మీద వేసుకోవాలి. సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీలు), పార్కింగ్ కూడా ఆ మిగిలిన దాంట్లోంచే కొలుస్తారు.

జాతీయ రహదారి పక్కనే కదా, రోడ్డుకేం లోటు అనుకుంటే అక్కడ ఇంకో మెలిక. 16వ నంబరు హైవే మీదకు నేరుగా గేటు పెట్టాలంటే హైవే వాళ్ల యాక్సెస్ అనుమతి వేరే కావాలి. సర్వీసు రోడ్డు ఉన్నచోట కొని ఉంటే అదృష్టమే.

ఇక ఫైలు. మున్సిపల్ పరిధి అయితే కమిషనర్‌కి, బయటైతే అభివృద్ధి సంస్థకి దరఖాస్తు. రిజిస్టర్డ్ దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ (ఆ నేల మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), 1-బీ, అడంగల్, ఎఫ్‌ఎంబీ నకలు, మాస్టర్ ప్లాన్ ముక్క మీద మీ నేలను ఎర్రగీతతో గుర్తించిన నక్షా, చుట్టుపక్కల ఏమేం ఉన్నాయో చూపే టోపో ప్లాన్ జత చేయాలి. టోపో ప్లాన్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. పక్కన గెడ్డ (వాగు) ఉన్నా, బంద (చిన్న చెరువు) ఉన్నా, బడి ఉన్నా, హైటెన్షన్ లైను ఉన్నా అన్నీ చూపాలి. దాచి గీయించిన నక్షా స్థల పరిశీలనలో దొరికిపోతుంది, ఆ తర్వాత ఆ ఫైల్లో నిజం రాసినా ఎవరూ నమ్మరు. టౌన్ ప్లానింగ్ వాళ్లు వచ్చి కొలిచి నివేదిక రాస్తారు. కౌన్సిల్ లేదా సంస్థ తీర్మానం, టౌన్ ప్లానింగ్ పెద్దల అభిప్రాయం, ఆపైన పురపాలక శాఖ. ప్రభుత్వం ఒప్పుకుంటే ముసాయిదా మార్పును గెజిట్‌లో వేసి, అభ్యంతరాలకు 15 రోజులు ఇస్తుంది. అవి తేలాక అభివృద్ధి రుసుములు కట్టించుకుని తుది ఉత్తర్వు ఇస్తారు. మొత్తం నెలల పని. పెళ్లిళ్ల సీజన్‌కి మండపం తెరుస్తామని అప్పు తెచ్చి కూర్చుంటే వడ్డీ తినేస్తుంది.

ఆ తుది ఉత్తర్వులో ఒక వాక్యాన్ని అందరూ దాటేస్తారు: ఈ మార్పు యాజమాన్య హక్కుకు రుజువు కాదు. జోన్ మారినంత మాత్రాన ప్రభుత్వం పంచిన డి-పట్టా భూమి సొంత పట్టా ఉన్న జిరాయితీ అయిపోదు, రిజిస్ట్రేషన్లు నిషేధించిన 22-ఏ జాబితాలోంచి బయటికీ రాదు. మన జిల్లాలు చాలావరకు ఒకప్పటి ఎస్టేట్లు. విజయనగరం, బొబ్బిలి, మందస జమీందారీల కింద ఉన్న గ్రామాలకు అసలు పునాది రికార్డు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఎస్‌ఎఫ్‌ఏ). అందులో గెడ్డ పోరంబోకు అని ఉండి, ఇప్పటి 1-బీలో మాత్రం పట్టాగా కనిపించే నంబర్లు ఉంటాయి. కొనేముందు ఎస్‌ఎఫ్‌ఏ నకలు తీయించని వాళ్లకు ఈ సంగతి అభ్యంతరాల గడువులోనే తెలుస్తుంది, అదీ పక్క రైతు అర్జీ వల్ల.

నేల నిజంగా మీదే అయినా నీటిని వదిలే కట్టాలి. 10 మీటర్లకు పైన వెడల్పున్న గెడ్డ అంచు నుంచి 9 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లలోపు చెరువైతే నీటిమట్టం హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు పెద్దదైతే 30 మీటర్లు.

ప్రతి దానికీ జోన్ మార్పే అక్కర్లేదు. జోనింగ్ నిబంధనల్లో సాధారణంగా నేరుగా ఒప్పుకునేవి, సంస్థ ప్రత్యేక అనుమతితో ఒప్పుకునేవి, అసలు ఒప్పుకోనివి అని వేరువేరుగా ఉంటాయి. మీరు పెట్టేది రెండో కోవలోకి వస్తే ప్రభుత్వం దాకా పోకుండా అక్కడే తేలిపోవచ్చు. ఆ పేజీ తిరగేయకుండా జోన్ మార్పుకి పరిగెత్తడం వృథా. మండపానికి అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ మాత్రం విడిగా ఉండాల్సిందే. జనం గుమిగూడే భవనాలకు స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా అది తప్పనిసరి. పెట్రోలు బంకుకైతే కలెక్టర్ ఎన్‌ఓసీ, జీడిపప్పు యూనిట్‌కైతే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి. పలాస ఇళ్ల మధ్య పొగ గొడవలు ఏళ్ల తరబడి నడిచాయంటే కారణం ఇదే: పని ఇంట్లో మొదలై పెద్దదవుతుంది, జోన్ మాత్రం నివాసంగానే ఉండిపోతుంది.

మీరు అడగకపోయినా ఆ 15 రోజుల గురించి చెప్పాలి. ఎవరో జోన్ మార్చుకుంటుంటే మనకెందుకని ఊరు ఊరుకుంటుంది. సోంపేట బీలను, అంటే అక్కడి చిత్తడి నేలను గుర్తుచేసుకోండి. కాగితాల్లో అది పనికిరాని నేల. అక్కడి మనుషులకు అది చేపలు, గడ్డి, పొలాలకు ఎత్తిపోతల నీళ్లు. థర్మల్ ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది జోన్ మార్పు కేసు కాదు, దారి వేరు. కానీ రికార్డులో నేలకు పెట్టిన పేరు తప్పని చెప్పగలిగింది అక్కడ బతికేవాళ్లే. భోగాపురం, పూసపాటిరేగ, డెంకాడ వైపు ఇప్పుడు ఎకరాలకు ఎకరాలు రంగు మారుతుంటే, ఆ ప్రకటన పత్రిక మూలన చిన్న అక్షరాల్లో వచ్చిపోతోంది. ఆ నేల దగ్గరే బోర్డు పెట్టి, గ్రామంలో దండోరా వేయించాలి. అంతకంటే తక్కువ చేస్తే తెలియజేసినట్టు కాదు.

అభ్యంతరం రాసేవాళ్లు ‘మాకు ఇబ్బంది’ అని రాస్తే కొట్టేస్తారు. గెజిట్ ప్రకటన నంబరు, తేదీ, సర్వే నంబరు, ఎల్‌పీఎం నంబరు రాయండి. దారి ఇన్ని అడుగులే ఉందని, ఎస్‌ఎఫ్‌ఏలో ఇది గెడ్డ అని, ఆయకట్టు కాలువ ఇందులోంచే పోతుందని, ఒక్కో కారణానికి ఒక్కో కాగితం జత చేయండి. ప్రకటనలో రాసిన అధికారికే, గడువులోపు, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మీ మండపం మీద అలాంటి అర్జీ వస్తే కోపం తెచ్చుకోకుండా అందులో రాసిన కొలతల్ని టేపు పట్టుకెళ్లి సరిచూసుకోండి.