చెన్నైలో ఏ చేపలు తింటాను, ఏవి మానేశాను

విజయవాడ నుంచి వేళచ్చేరికి మారాం, ఇక్కడ ఏ చేపలు బాగుంటాయి, సముద్రానికి చేటు చేయకుండా తినాలంటే ఏవి కొనాలి, అసలు ఇదంతా ఎవరైనా పట్టించుకుంటారా అని అడిగారు కదా. మూడో ప్రశ్నకి ముందు చెప్తాను. నేనూ పట్టించుకునేవాణ్ణి కాదు. మాది నరసాపురం, చెన్నై వచ్చి పదహారేళ్ళు, వారానికి రెండుసార్లు ఇంట్లో చేప ఉడకాల్సిందే. కాబట్టి సుద్దులు చెప్పే అర్హత నాకు లేదు, మా వంటింట్లో ఏం మారిందో అంతవరకు రాస్తాను.

ముందు ఇష్టమైనవి. అన్నిటికన్నా నెత్తళ్ళు, ఇక్కడ నెత్తిలి అంటారు. కారం, పసుపు, ఉప్పు, కాస్త బియ్యప్పిండి పట్టించి వేయిస్తే ముల్లుతో సహా నమిలేయొచ్చు, పచ్చి మామిడికాయ వేసి పులుసు పెడితే ఇంకో కూర అక్కర్లేదు. తర్వాత కానాగంతలు. ఇక్కడ వాటిని కానాంగెళుత్తి అంటారు, ఆ మాట నోరు తిరగడానికి నాకు ఆరు నెలలు పట్టింది, అంతవరకు వేలు పెట్టి చూపించే కొనుక్కున్నాను. కానాగంతల పులుసు వండిన రోజు తినకూడదు, మర్నాడు పొద్దున చద్దన్నంలో తినాలి. ఆ తర్వాతే నాకు వంజరం, చందువా (వవ్వాల్ అని అడగండి), పండుగప్ప (కొడువా). కవళ్ళు, అంటే మత్తి, మా ఆవిడకి వాసన పడదు గానీ నాకు ప్రాణం, ఆవిడ పుట్టింటికి వెళ్ళినప్పుడు తెచ్చుకుంటాను.

ఇక మానేసిన వాటి సంగతి. 2017లో మాకు పాప పుట్టింది. అమ్మ నరసాపురం నుంచి వచ్చిన మర్నాడే "ఒరేయ్, బాలింతకి పాల సొర పెట్టాలిరా, పాలు పడతాయి, వెళ్ళి పట్టుకురా" అంది. ఇక్కడా అదే నమ్మకం ఉంది, ఆ చిన్న సొరచేపని పాల్ సురా అంటారు, దాంతో చేసే సురా పుట్టు మన సొర పిట్టులాంటిదే. తెల్లారకుండా కాసిమేడు చేపల రేవుకి వెళ్ళి, మూరెడు పైన ఉన్న సొర ఒకటి కొని, పక్కన కోసే ఆవిడ దగ్గర పెట్టాను. ఆవిడ కత్తిపీట మీద కడుపు చీరింది. లోపల నాలుగు పిల్లలు. గుడ్లు కాదండీ, పిల్లలు, తోకలూ రెక్కలూ కళ్ళూ అన్నీ అమరి ఉన్నాయి. "ఇవి కూడా వేసుకో తంబి, మెత్తగా ఉంటాయి" అంది ఆవిడ తమిళంలో, మామూలుగానే. ఇంట్లో పదకొండు రోజుల పసిపిల్ల. నేనేదో ఆ సొరని వదిలేసి వచ్చేశానని రాస్తే బాగుంటుంది గానీ, వదల్లేదు, డబ్బులిచ్చేశాను కదా, కవర్లో పెట్టించుకుని వచ్చాను. అమ్మ పిట్టు చేసింది. మా ఆవిడ రెండుసార్లు వడ్డించుకుంది. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఆ తర్వాతే దీని గురించి చదవడం మొదలుపెట్టాను. మిగతా చేపలు చాలావరకు వేలల్లో, లక్షల్లో గుడ్లు పెడతాయి, అందులో ఎన్ని పోయినా కొన్ని మిగులుతాయి. సొరల్లో చాలా రకాలు మనలాగే పిల్లల్ని మోసి కంటాయి. పాల సొర ఒక్క కాన్పుకి కనేది సాధారణంగా రెండు నుంచి ఐదు పిల్లల్ని. పెద్ద జాతులైతే ఈడుకు రావడానికే ఏళ్ళు పడుతుంది. అంటే మనం పట్టినంత వేగంగా అవి పుట్టలేవు. తిమింగల సొరని 2001లోనే వన్యప్రాణి చట్టం కింద చేర్చారు, ఆ తర్వాత ఇంకొన్ని సొరలూ టేకు చేపలూ (ఇంగ్లీషులో రే అంటారు) చేరాయి, కానీ తోలు తీసి ముక్కలు కొట్టి పెట్టాక అది ఏ జాతిదో కొనేవాడికి ఎలా తెలుస్తుంది? పైగా పెద్ద సొరల్లో పాదరసం పేరుకుంటుంది, అసలు బాలింతలే తినకూడదు. ఈ మాట అమ్మతో అంటే "మేమంతా తినే పెరిగాం" అంది. రెండోవాడు పుట్టినప్పుడు నెత్తళ్ళతో సరిపెట్టాం. పాలు బాగానే పడ్డాయి.

సొర మానేశాక మిగతా చేపల మీద కూడా చూపు మారింది, ముఖ్యంగా సైజు మీద. పెద్ద జాతి వంజరం దాదాపు 70 సెంటీమీటర్లు పెరిగితే గానీ మొదటిసారి గుడ్లు పెట్టదు. మన లెక్కలో మూరన్నర. బజారులో "అర కిలో వంజరం, ఇద్దరికి సరిపోతుంది సార్" అని చూపించేవి పసివి. అందుకని మూరన్నర లేనిది కొనను. అంత చేప ఒక్క ఇంటికి ఎక్కువ, ఖరీదూ ఎక్కువే, అందుకే మా అపార్ట్‌మెంట్‌లో మూడు ఇళ్ళవాళ్ళం వాటాలు వేసుకుంటాం, తలకాయ వంతులవారీగా. తలకాయ వంతు దగ్గర గొడవలైన ఆదివారాలు ఉన్నాయి.

తర్వాత నెలలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మర బోట్ల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు, మన ఆంధ్రాలోనూ ఇవే తేదీలు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు. ఈ తేడా తెలియక నేనొకసారి మోసపోయాను. మే నెలలో ఇంటికి చుట్టాలొస్తే ఒక పెద్ద దుకాణంలో "ఇవాళ్టి వంజరం" అంటే రేటు చూడకుండా కొన్నాను, వేయిస్తే రబ్బరులా సాగింది. ఎక్కడి నుంచో ఎన్ని రోజుల కిందట ఐసులో బయల్దేరిందో! ఆ రెండు నెలల్లో పెద్ద చేప మీద ఆశ పెట్టుకోకండి. ఫైబర్ పడవల వాళ్ళు దగ్గర్లో వలేసి తెచ్చేవి ఉంటాయి, అవి తినండి. జూన్ మూడో వారంలో బోట్లు తిరిగొచ్చాక కాసిమేడు చూడాలి, కాలు పెట్టే చోటుండదు.

నేనిప్పుడు ఎక్కువగా కొనేది మెరీనా పక్కన నొచ్చికుప్పంలో. లూప్ రోడ్డు మీద అమ్మేవాళ్ళకి 2024లో కొత్త మార్కెట్ కట్టించారు. అక్కడ అమ్మే ఆడవాళ్ళలో చాలామంది ఇళ్ళలోంచే పడవలు వెళ్తాయి, "అక్కా, ఇది మీ పడవదా?" అంటే ఉన్నది చెప్తారు, కాసిమేడులో వేలం పాట పాడి తెచ్చిందైతే అదీ చెప్తారు. నేను కొనే అక్క అయితే "ఇవాళ వంజరం వద్దులే, సావిడాయలు తీసుకో" అని నా బుట్టలో తనే వేసేస్తుంది (సావిడాయల్ని వాళై అంటారు ఇక్కడ, తమిళంలో అరటికాయ అడిగినట్టు వినిపిస్తుంది). మన ఊళ్ళో కూరగాయల సంతకి ఇంట్లో రాసుకున్న చీటీ పట్టుకుని ఎవరైనా వెళ్తారా? ఏది వస్తే అది కొంటాం. చేపల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏడాది పొడుగునా వంజరమే కావాలంటాం. ఇక్కడ దివ్య కర్నాడ్ అనే పరిశోధకురాలు మొదలుపెట్టిన ఇన్‌సీజన్ ఫిష్ వాళ్ళు హోటళ్ళకి చెప్పేది కూడా దాదాపు ఇదే, ఆ కాలంలో దొరికే రకరకాల చేపలు వండమని.

కాసిమేడులో మర బోట్ల మీద పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళు చాలామంది ఉంటారు. తెలుగు వినిపించగానే మాట కలుపుతారు. ఒకబ్బాయి నాతో "మీ బజారుకొచ్చేది వేరు అన్నా, వలలో పడేది వేరు" అన్నాడు. రొయ్యల కోసం సముద్రం అడుగున వల లాగితే పిల్ల చేపలు, పీతలు, పేర్లు కూడా లేనివి అన్నీ వస్తాయి, పనికొచ్చేవి ఏరుకుని మిగతాది ఎండబెట్టి దాణాకి పంపుతారు. తాబేళ్ళు కూడా ఆ వలల్లోనే చిక్కుకుని ఊపిరాడక చచ్చిపోతాయి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చచ్చి కొట్టుకొచ్చాయి. నీలాంగరైలో వాకింగ్‌కి వెళ్ళి ఒక్క పొద్దున్నే నేను లెక్కపెట్టినవి ఏడు. ఒడ్డు నుంచి ఐదు నాటికల్ మైళ్ళ లోపల మర బోట్లు వేటాడకూడదని తమిళనాడు చట్టం, వలలో తాబేలు తప్పించుకునే దారి పెట్టమని కూడా రూలే. అమలు సంగతి ఆ ఒడ్డు చూస్తే తెలుస్తుంది.

అయితే చెరువు రొయ్యలు తినొచ్చుగా అంటారు. ఇక్కడే నా నోరు పడిపోతుంది, ఎందుకంటే మా బాబాయికి భీమవరం దగ్గర ఆరెకరాల రొయ్యల చెరువు ఉంది, ఒకప్పుడు అది వరి చేను. మన దేశంలో వనామీ అనే రొయ్య సాగుకి అనుమతి వచ్చింది 2009లో, అది మన రొయ్య కూడా కాదు, అమెరికా ఖండం పసిఫిక్ తీరానిది. మా ఊరి చుట్టుపక్కల చెరువుల ఉప్పు పక్క పొలాల్లోకి దిగింది, బావి నీళ్ళు నోట్లో పెట్టలేం. పైగా ఆ రొయ్యకి వేసే మేతలో ఉండేది సముద్రపు చిన్న చేపల పొడి. అంటే చెరువు రొయ్య తిన్నా సముద్రాన్ని తిన్నట్టే, కాకపోతే చుట్టు తిరిగి. బాబాయి పిల్లల చదువులు మాత్రం ఆ చెరువు మీదే అయ్యాయి. నేను రొయ్యలు నెలకోసారికి తగ్గించాను, పూర్తిగా మానలేదు, మానతానని కూడా చెప్పను.

ఈ లెక్కన చూస్తే మనం చిన్నచూపు చూసే శీలావతి, బొచ్చె నయం. ఇక్కడి బజారులో దొరికేవి చాలావరకు మన కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసు పెట్టెల్లో వచ్చినవే. నాచూ తవుడూ తిని పెరిగే చేప, ఇంకో చేపని చంపి మేపక్కర్లేదు. కొల్లేట్లో చెరువులు తవ్వి సరస్సుని ఏం చేశారో మనకి తెలుసు, అది వేరే కథ. రుచి విషయంలో మాత్రం నేను వాటి వైపు మాట్లాడలేను, మట్టి వాసన మట్టి వాసనే.

చిన్న చేపలు ఎన్నయినా తినొచ్చా అంటే అదీ కాదు. నెత్తళ్ళు, కవళ్ళు ఏడాదికే గుడ్లు పెట్టేస్తాయి కాబట్టి త్వరగా తేరుకుంటాయి, నిజమే. కానీ కేరళలో 2012లో 4 లక్షల టన్నుల దాకా పడిన మత్తి 2021 నాటికి 3,500 టన్నుల లోపుకి పడిపోయింది. సముద్రం వేడెక్కడం ఒక కారణం, పిల్ల మత్తిని కూడా ఊడ్చేయడం ఇంకో కారణం. అందుకే వేలెడంత కూడా లేని కవళ్ళు కుప్పపోసి అమ్ముతుంటే కొనకండి.

పిల్ల చేపలంటే గుర్తొచ్చింది, మా గోదావరి వాళ్ళ అసలు పాపం చీరమేను. అక్టోబరు, నవంబరుల్లో యానాం దగ్గర చీరలతో వడగట్టి పట్టే చేప పిల్లలు, సేర్లతో కొలిచి అమ్ముతారు. ఒక్క గరిటెలో ఎన్ని వందల చేపల బతుకు ఉందో. చిన్నప్పుడు మా అమ్మమ్మ చింతచిగురుతో వండేది, దాని రుచి చెప్తే ఈ జవాబు అంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది కాబట్టి చెప్పను. అది మానేశాను. పులస కూడా కొనడం మానేశాను. సముద్రంలో ఇలస, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. అది వచ్చేదే గుడ్లు పెట్టడానికి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డం, అది దాటలేక కింద తచ్చాడే వాటిని మనం పుస్తెలమ్మి మరీ కొంటున్నాం. డబ్బు పెట్టి కొనను, అంతవరకే నా పట్టుదల. పోయిన ఆగస్టులో అమ్మ ఫోన్ చేసి "మావయ్య పులస తెచ్చాడ్రా, నీకు రెండు ముక్కలు ఫ్రిజ్‌లో పెట్టనా?" అంది. పెట్టమన్నాను.

పీతల దగ్గర ఒక్కటే చూడండి, పొట్ట కింద రేకు బయట గుడ్ల ముద్ద కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దనండి. బతికున్న పీతని మరిగే నీళ్ళలో వేయడం నాకు చేతకాదు, గంటసేపు ఐసులో పెట్టి అది మగతగా అయ్యాక కోస్తాను. కొర్రమీను, అంటే విరాల్, తొట్టెలో కదులుతూ ఉంటుంది, ముందు తల మీద ఒక్క దెబ్బ వేసి అప్పుడు పొలుసు తీయమని చెప్పండి, చెప్పకపోతే కొందరు బతికుండగానే గీకేస్తారు.

యాప్‌లో తెప్పించుకోవచ్చా అని కూడా అడిగారు. ముక్కలు మాత్రమే వస్తాయి, తల చూడం, పొడుగు తెలియదు, ఏ పడవదో తెలియదు. షీలా అనే వేరే చేప ముక్కలు వంజరం పేరుతో వచ్చినా మీకు తినేదాకా తెలియదు. వేళచ్చేరి నుంచి నొచ్చికుప్పం దూరమే అనుకోండి, ఆదివారం ఆరింటికి బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు. చిల్లర, మూత ఉన్న డబ్బా పట్టుకెళ్ళండి. నెత్తళ్ళు కొంటే కోయించకండి, తల గిల్లి లాగితే పేగు దానంతటదే వచ్చేస్తుంది, కిలోకి ముప్పావుగంట పడుతుంది, ఇంట్లో ఇంకొకళ్ళని కూర్చోబెట్టుకోండి.