బహుమతి ఇచ్చిన అక్కలనే సాయం అడగండి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక గ్రామం. జిల్లా పరిషత్ హైస్కూలులో చదివిన మా అమ్మాయికి పదో తరగతిలో 548 మార్కులు వచ్చాయి. అదే బడిలో చదివి డిగ్రీలు పూర్తిచేసిన కొందరు మహిళలు కలిసి ఆమెకు 5,000 రూపాయల బహుమతి ఇచ్చారు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లోనూ మంచి ర్యాంకు రావడంతో గుంటూరు ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్‌లో చేరతానంటోంది. మేము కౌలు రైతులం. మూడేళ్లు హాస్టలులో ఉంచి చదివించగలమా అని భయంగా ఉంది. – ఒక తండ్రి

జవాబు: అమ్మాయిని తప్పకుండా పంపించండి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు ప్రైవేటు కళాశాలలతో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి, మీకు భారమయ్యేది ఫీజు కాదు, హాస్టలు మెస్ బిల్లు, పుస్తకాలు, రాకపోకల ఖర్చు. సాంకేతిక విద్య చదివే ఆడపిల్లలకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ‘ప్రగతి’ స్కాలర్‌షిప్ ఇస్తోంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలు మించకుండా ఉంటే, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు, డిప్లొమా చదివే మూడేళ్లూ ఏడాదికి 50,000 రూపాయల చొప్పున అందుతుంది. ఎంపిక ప్రతిభను బట్టి జరుగుతుంది కనుక తప్పక వస్తుందని నేను మాట ఇవ్వలేను. అయితే మీ అమ్మాయి మార్కులు చూస్తే దరఖాస్తు చేయకపోవడం పొరపాటే అవుతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటుతో కలిపి దీన్ని పొందే వీలుందో లేదో ఆ ఏడాది నిబంధనల్లో ముందే చూసుకోండి.

దరఖాస్తు కన్నా ముందు కాగితాలు సరిచూసుకోవాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉన్న కారణంగా ఆగిపోయిన దరఖాస్తులు నా దగ్గరకు ఏటా వస్తూనే ఉన్నాయి. రెండింటిలోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా, అమ్మాయి బ్యాంకు ఖాతా ఆధార్‌తో అనుసంధానమై ఉందా అన్నది ఈ వారమే చూడండి. ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు చేయండి.

ఇక ఆ బహుమతి సంగతి. డ్రాయింగు బోర్డు, డ్రాఫ్టరు, సైంటిఫిక్ కాలిక్యులేటర్, ల్యాబ్ యూనిఫాం కొనేసరికి ఆ డబ్బు చాలావరకు అయిపోతుంది. కానీ ఆ డబ్బు ఇచ్చిన మహిళలు మూడేళ్లూ మీ అమ్మాయికి అండగా ఉండగలరు. మీ ఊరి నుంచే వెళ్లి హాస్టల్లో ఉండి చదివి, ఇంటిమీద బెంగను, ఇంగ్లిషులో సాగే పాఠాలను దాటుకుని పట్టా అందుకున్నవారు వాళ్లు. ‘మా అమ్మాయికి మరికొంత డబ్బు ఇవ్వండి’ అని కాకుండా, ‘కౌన్సెలింగ్ రోజున ఒకరు మాతో రాగలరా, ఆదివారం ఒక గంట ఫోనులో లెక్కల సందేహాలు తీర్చగలరా’ అని అడగండి. ఇలా అడగడం చిన్నతనమేమీ కాదు. మద్రాసులో స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆడవాళ్లను బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేసినప్పుడు ఇచ్చింది కూడా ఇలాంటి తోడే. 1937లో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఆ కృషిని ఎంతో ముందుకు తీసుకెళ్లింది.

ఈ తోడు అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యేది మొదటి ఏడాదిలోనే. పదిలో మొదటి స్థానంలో నిలిచిన పిల్ల మొదటి యూనిట్ టెస్టులో మార్కులు తగ్గగానే ‘నాకు రాదు, ఇంటికి వచ్చేస్తాను’ అనడం నేను చాలాసార్లు విన్నాను. ఆ సమయంలో మీరు చెప్పే ధైర్యం కన్నా, ‘నాకూ మొదట్లో ఇలాగే తగ్గాయి’ అని ఒక అక్క చెప్పే మాట ఆమెకు ఎక్కువగా పనికొస్తుంది. పై తరగతికి ఉత్తీర్ణత సాధిస్తేనే స్కాలర్‌షిప్ కొనసాగుతుంది కాబట్టి, చదువులో అందే సాయం మీ డబ్బు ఇబ్బందిని కూడా తీరుస్తుంది.

డిప్లొమా తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. దాని గురించి మూడో ఏడాదిలో ఆలోచిద్దాం. ప్రస్తుతానికి పాలిసెట్ కౌన్సెలింగ్ తేదీలు చూసుకుని, ఏ కళాశాల, ఏ కోర్సు కావాలో తెలిపే వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు బహుమతి ఇచ్చిన వారిలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి.